రేగడిని అడగాలి

2025 మే నెలలో ఒక రాత్రి. రాయలసీమలో ఒక సబ్‌స్టేషన్ పక్కన వేసిన రేకుల షెడ్డులో పడుకున్న మేస్త్రీకి మొదటి చినుకు చప్పుడుకే మెలకువ వచ్చింది. టైం చూస్తే 1.40. వారం రోజులుగా ఎండ 42 డిగ్రీలకు తగ్గలేదు. వానకు ఇంకా నెల ఉందని అందరూ లెక్కలు వేసుకున్నారు. అయిదు నిమిషాల్లో రేకులు మోత మోగిపోయాయి. ఆయన లుంగీ ఎగ్గట్టి, సెల్‌ఫోన్ లైటు పట్టుకుని బయటికి పరుగెత్తాడు. పరుగెత్తింది సిమెంటు బస్తాల వైపు కాదు, వాటిమీద టార్పాలిన్ ఉంది. తవ్వి వదిలిన నాలుగు గుంతల వైపు.

అప్పటికే ఆలస్యమైపోయింది. గుంత అంచుల్లో ఎండకు విచ్చుకున్న నెర్రెల్లోకి నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోతున్నాయి. చేతిలో ఉన్న లైటు ఆ నెర్రెల అడుగు దాకా పోలేదు. నీళ్లు మాత్రం పోయాయి.

సైట్‌లో అందరికీ ఆయన మేస్త్రీయే. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. 51 ఏళ్లు, నల్లగా, సన్నగా ఉంటాడు. నంద్యాల వైపు పల్లె. పునాదుల పనిలో 29 ఏళ్ల అనుభవం. డిగ్రీ లేదు, పదో తరగతి గట్టెక్కలేదు. కానీ తవ్విన మట్టిని ఉండచేసి, బొటనవేలితో నొక్కి, దాని గుణం చెప్పగలడు. ఈ సైట్‌లో ఆయన పని బ్యాటరీలకు పీఠాలు కట్టడం. కూలీల లెక్కన సబ్ కాంట్రాక్టు. అంటే పని జరిగిన రోజే డబ్బు. జరగని రోజు 22 మంది కూలీల తిండి, బత్తెం ఆయన జేబులోంచే.

అక్కడ కడుతున్నది చూడటానికి పెద్ద విశేషంగా ఏమీ ఉండదు. డ్యామ్‌లాగా ఎత్తుగా లేచేది కాదు, గాలిమరలాగా తిరిగేది కాదు. ఓడల్లో సరుకు వచ్చే 20 అడుగుల పెట్టెల్లాంటి తెల్లటి కంటైనర్లు వరసగా నిలబడతాయి, అంతే. మధ్యాహ్నం సౌర విద్యుత్తు ఎక్కువై ఎవరికీ అక్కరలేనప్పుడు అది ఆ పెట్టెల్లోకి పోతుంది. పొద్దుగూకి, ఇళ్లలో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా వేసే వేళకు తిరిగి బయటికి వస్తుంది. అయితే ఒక్కో పెట్టె లోపల వేల బ్యాటరీ సెల్స్, వాటిని చల్లబరిచే గొట్టాలు, లావుపాటి రాగి తీగలు ఉంటాయి. ఇప్పుడొస్తున్న 5 మెగావాట్-అవర్ల కంటైనర్ బరువు 40 టన్నులకు పైమాటే. దాని కింద నేల ఒక మూల పైకి లేచి ఇంకో మూల కిందికి దిగితే తలుపులు బిగుసుకుంటాయి, గొట్టాల కీళ్లు లాగుకుపోతాయి, తీగల బిగింపులు సడలుతాయి. ఇంట్లో గోడ పగిలితే సున్నం కొట్టి కప్పేయొచ్చు. ఇక్కడ అది కుదరదు.

ఆ నేలేమో నల్లరేగడి.

రేగడి గురించి మేస్త్రీకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన పుట్టిందే దాని మీద. కుందూ పరీవాహకంలో వాళ్ల నాయనకు నాలుగెకరాలు. పత్తి, జొన్న, చలికాలంలో శనగ. వాన చినుకు లేకపోయినా మంచు తడికే శనగ పండించే నేల అది. ఎందుకంటే రేగడి తాగిన నీటిని వదలదు. పంటకు వరమైన ఆ గుణమే గోడకు శాపం. చిన్నప్పుడు ఎండాకాలం చేలో నెర్రెలిచ్చిన చోట పిల్లలు చేయి పెట్టి ఎవరిది ఎంత లోతు పోతుందో పందెం కాసేవాళ్లు. భుజం దాకా పోయేది. ఒకసారి ఆయన వెండి మొలతాడు నెర్రెలో పడిపోయింది. వాన పడ్డాక నెర్రె మూసుకుపోయింది. అది ఇప్పటికీ ఆ చేలోనే ఎక్కడో ఉంది.

వాళ్ల ఇల్లు మట్టి మిద్దె. ఏటా వేసవిలో గోడల్లో పగుళ్లు వచ్చేవి. ఏటా వాళ్లమ్మ మట్టి పిసికి వాటిలో కూరి, పేడతో అలికేది. మరుసటి ఏడు మళ్లీ అదే పని. అది ఆ ఇంట్లో ఒక పండగ పనిలాంటిది. ఇల్లు పగిలిందని ఎవరూ దిగులు పడలేదు. నేల కదిలితే ఇల్లూ కదిలేది. రెండూ మట్టే కదా.

1996లో 22 ఏళ్ల వయసులో ఆయన శ్రీశైలం వెళ్లాడు. అప్పట్లో అక్కడ ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రం పని జరుగుతోంది. కొండ లోపల గుహ తొలిచి, ఒక్కొక్కటి 150 మెగావాట్ల చొప్పున ఆరు యంత్రాలు అమర్చారు. 2001 నుంచి 2003 లోపు అవి ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి. మామూలు టర్బైన్లు కావవి. వెనక్కి తిప్పితే కింది నీటిని పై జలాశయంలోకి ఎత్తిపోస్తాయి. నాగార్జునసాగర్‌లో 1980ల్లోనే అలాంటివి ఏడు పెట్టారు. కరెంటు ఎక్కువున్నప్పుడు నీళ్లు పైకి, కరెంటు కావాల్సినప్పుడు నీళ్లు కిందికి. ఇప్పుడు బ్యాటరీలు చేసే పనే, కాకపోతే నీళ్లతో. కరెంటును దాచడం అనే మాట మేస్త్రీ మొదట విన్నది అక్కడే.

హెల్పర్‌గా చేరిన ఆయన సెంట్రింగ్ నేర్చాడు, కడ్డీలు కట్టడం నేర్చాడు, కాంక్రీటులో వైబ్రేటర్ ఎంతసేపు పెట్టాలో, ఎప్పుడు తీయాలో నేర్చాడు. ముఖ్యంగా ఒక నమ్మకం నేర్చాడు. రాయిని శుభ్రంగా కడిగి, వదులు పెళ్లలు రాల్చి, దానిమీద మంచి కాంక్రీటు పోస్తే అది వందేళ్లు కదలదు. శ్రీశైలంలో ఆ నమ్మకం నిజం. అయితే అది శ్రీశైలంలోనే నిజమన్న సంగతి ఆయనకు తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

2004లో ఆయన కూడబెట్టిన డబ్బుతో ఊళ్లో నాయనకు ఇల్లు కట్టాడు. మట్టి మిద్దె పడగొట్టి, అదే చోట సిమెంటు ఇల్లు. మూడడుగుల లోతు కాలువలు తవ్వి, అడుగున ఇసుక పోసి, నీళ్లు కొట్టి, బండరాళ్లతో పునాది లేపాడు. అందరూ అలాగే కడుతున్నారు. ఇసుక పోస్తే గట్టి అన్నది ఊరి మేస్త్రీల మాట. ఇసుక గట్టిదే, కానీ నీళ్లకు అది దారి. చూరు కింద పడ్డ వాననీరంతా ఆ ఇసుకలోకి దిగి, చుట్టూ ఉన్న రేగడికి తీరుబడిగా తాపింది.

మొదటి వానాకాలానికే ముందు తలుపు బిగుసుకుపోయింది. మొదటి వేసవికి ద్వారబంధం మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పగులు వచ్చింది. రెండో ఏడుకు అందులో వేలు పట్టింది. సిమెంటు పూస్తే మరుసటి ఏడు దాని పక్కనే ఇంకోటి. మట్టి గోడలాగా సిమెంటు గోడ వంగదు, సర్దుకోదు. విరుగుతుంది.

నాయన ఆ ఇంట్లో అయిదేళ్లు బతికాడు. ఎవరొచ్చినా కొడుకు కట్టిన ఇల్లు అని చూపించేవాడు, పగులు ఉన్న గోడకు క్యాలెండర్ తగిలించి. కొడుకుతో మాత్రం ఒక్కసారే అన్నాడు. "కొండను తొలిచినోడివే గాని, మన రేగడిని అడగలేదు గదరా." కోపంగా అన్నది కాదు. ఆ మాటలో కోపం ఉన్నా బాగుండేదని మేస్త్రీ అంటాడు. 2009లో నాయన పోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు తమ్ముడి కుటుంబం ఉంటోంది. క్యాలెండర్ ఏటా మారుతుంది. పగులు అక్కడే ఉంది.

రేగడిని ఎలా అడగాలో ఆయన ఆ తర్వాత నేర్చుకున్నాడు. ఒక రోడ్డు పనిలో మట్టి పరీక్షలు చేసే కుర్రాడి దగ్గర రెండు గాజు కొలపాత్రలు చూశాడు. ఎండబెట్టి జల్లించిన మట్టి పది గ్రాములు ఒకదాంట్లో, పది గ్రాములు ఇంకోదాంట్లో. ఒకదాంట్లో కిరోసిన్, రెండోదాంట్లో నీళ్లు. కలిపి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. కిరోసిన్‌కు మట్టి ఉబ్బదు. నీళ్లకు ఉబ్బుతుంది. రెండింటి తేడాయే ఆ మట్టి పొగరు. తేడా 50 శాతం దాటితే దాని మీద కట్టేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అంత తేలిక పరీక్ష. 2004లో ఆయన ఇంట్లో కిరోసిన్ ఉంది, నీళ్లున్నాయి, మట్టికి కొదవే లేదు. అడగాలన్న ఆలోచనే లేదు.

ఈ పొగరుకు కారణం మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం. కంటికి కనిపించని పలుచటి పొరల దొంతర అది. నీళ్లు ఆ పొరల మధ్యకు చేరి వాటిని ఎడంగా నెడతాయి. ఎండితే పొరలు దగ్గరకు వస్తాయి. ఒక్కో పొర కదలిక లెక్కలోది కాదు. కోట్ల పొరలు కలిసి లేస్తే ఇల్లు లేస్తుంది. దేశ భూభాగంలో దాదాపు అయిదో వంతు ఇలాంటి నల్లనేలే. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దీనిమీద ఇళ్లు, కాలువలు, రోడ్లు కట్టి దెబ్బతిన్నవాళ్లు లక్షల మంది ఉంటారు.

మందు లేని జబ్బేమీ కాదు. రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ దశాబ్దాల కిందటే అండర్-రీమ్డ్ పైల్స్ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది. నేలలోకి సన్నటి గుండ్రటి రంధ్రం తవ్వి, అడుగున దాన్ని రెండున్నర రెట్లు వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. ఉల్లికాడ కింద ఉల్లిగడ్డలాగా ఉంటుంది. ఎండావానలకు కదిలే పైనేలను దాటి, దాదాపు మూడున్నర మీటర్ల కింద, తేమ మారని చోట ఆ గడ్డ పాతుకుంటుంది. పైనేల ఎంత ఎగదన్నినా గడ్డ రానివ్వదు. ఐఐటి బాంబేలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి ఇంకో దారి చూపించారు. ఉబ్బని బంకమట్టిని రేగడి మీద ఒక మందపాటి పొరగా దట్టిస్తే కింది రేగడి ఉబ్బు పైకి తెలియకుండా అణుగుతుంది. కాలువలకు చాలాచోట్ల ఈ పద్ధతే వాడారు.

ఈ సైట్‌లో రెండూ వాడారు. బోర్లు వేసి చూస్తే రెండు, రెండున్నర మీటర్ల దాకా రేగడి, దాని కింద పొరలు పొరలుగా షేల్ రాయి. కొలపాత్రలో కిరోసిన్ వైపు మట్టి 10 మిల్లీలీటర్ల దగ్గర ఆగితే, నీళ్ల వైపు 19 దగ్గరకు వచ్చింది. అంటే 90 శాతం. ట్రాన్స్‌ఫార్మర్లకు, తీగలు లాగే గ్యాంట్రీలకు అండర్-రీమ్డ్ పైల్స్. కంటైనర్ల పీఠాల కింద మాత్రం మీటరున్నర రేగడి తవ్వి పారేసి, ఆ గుంతలో కాస్త జిగురున్న ఎర్ర గరుసు, అంటే మొరం, 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలర్‌తో అణచాలి. ప్రతి పొరకూ సాంద్రత పరీక్ష. పాస్ అయితేనే పై పొర. దానిమీద బెడ్ కాంక్రీటు, ఆ పైన కడ్డీలు కట్టిన రాఫ్ట్.

డ్రాయింగులో ఇది నాలుగు గీతలు. నేలమీద ఒక్కో గుంతకు తొమ్మిది, పది రోజులు.

ఆ రోజులే ఎవరి దగ్గరా లేవు. కారణం ఎక్కడో ఉంది. ఢిల్లీలోని రోహిణిలో 2019లో 10 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం మొదలైనప్పుడు అది దేశానికే వింత. 2022లో సౌర ఇంధన కార్పొరేషన్ (సెకి) టెండరులో బ్యాటరీ నిల్వకు మెగావాట్‌కు నెలకు రూ.10.84 లక్షల ధర పలికింది. 2025 నాటికి చాలా టెండర్లలో అది రూ.2.5 లక్షల లోపుకు దిగిపోయింది. కేంద్రం 2023 సెప్టెంబరులో 4,000 మెగావాట్-అవర్ల నిల్వకు ఆర్థిక సాయం ఆమోదించింది. బ్యాటరీలు చౌకబడేకొద్దీ ఆ లక్ష్యం పెద్దదైంది. 2025 జూన్ నాటికి దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటి ఇంధనాలతో పనిలేనిదే. పగటి ఎండను రాత్రికి దాచే చోటు లేకపోతే ఆ సగానికి పూర్తి విలువ రాదు. కాబట్టి తొందర న్యాయమైనదే.

అయితే ఫ్యాక్టరీలో సెల్ ధర తగ్గినట్టు గుంత తవ్వే ధర తగ్గలేదు. గరుసు టిప్పరు ధర తగ్గలేదు, డీజిల్ తగ్గలేదు, కాంక్రీటు గట్టిపడే 28 రోజులు 27 కాలేదు. టెండరు ధర పడిపోయినప్పుడు మిగుల్చుకోవడానికి పైవాడికి కనిపించేది ఒక్కటే, రోజులు. రోజులను కోయడం మొదలయ్యేది నేల దగ్గరే, ఎందుకంటే పూడ్చాక నేల ఎవరికీ కనిపించదు.

తెల్లారేసరికి వాన వెలిసింది. నాలుగు గుంతల్లో మోకాలి లోతు నీళ్లు. ఏడింటికల్లా పంపులు పెట్టి తోడేశారు. ఎనిమిదికి గరుసు టిప్పర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. పై కాంట్రాక్టరు మనిషి ఒకాయన జీపులోంచి దిగకుండానే చెప్పాడు. "నీళ్లు పోయినాయి గదా, గరుసు దింపండి. పైన రోలర్ తిరిగితే కింద ఏముంటే ఎవరికి కనపడ్తాది?"

మేస్త్రీ బదులు చెప్పలేదు. గడ్డపార తీసుకుని మొదటి గుంతలో దిగాడు. ముందురోజు సాయంత్రం అదే గడ్డపార అదే చోట ఠంగుమని ఎగిరింది. ఇప్పుడు చేతి బరువుకే జానెడు దిగింది. రెండో గుంతలో నెర్రె మూసుకున్న గీత వెతికి, దానిమీద పొడిచాడు. గడ్డపార సగం దాకా పోయింది. అంటే నీళ్లు పైన తడిపి ఆగలేదు. ఎండ తెరిచిన తలుపుల్లోంచి లోపలికి పోయాయి. ఒకే గుంతలో ఒక పక్క తాగి ఉబ్బిన మట్టి, ఒక పక్క ఎండి బిగుసుకున్న మట్టి. దాని మీద గరుసు పోసి మూసేస్తే తాగిన పక్క నెమ్మదిగా ఆరి కుంగుతుంది, ఎండిన పక్క నెమ్మదిగా తాగి లేస్తుంది. ఏడాదికో, రెండేళ్లకో. అప్పటికి ఈ జీపు ఇంకో సైట్‌లో ఉంటుంది.

ఆ సైట్ ఇంజినీరు 26 ఏళ్ల అమ్మాయి. అనంతపురంలో చదివింది. ఇది రెండో ఉద్యోగం, మొదటి పెద్ద సైట్. పీఠాల రిజిస్టరులో ప్రతి పొరకూ కింద పడేది ఆమె సంతకమే. టిప్పర్ డ్రైవర్లు హారన్ కొడుతున్నారు. ఆమె బురదలో బూట్లతో గుంతలోకి దిగింది.

"ఎంత తీయాలి మేస్త్రీ గారూ?"

"ఒక అడుగు తీసి చూద్దాం మేడమ్. గడ్డపార ఎగిరిందాకా తీయాల. ఆ రెండోదాంట్లో ఇంకా ఎక్కువే పోతాది."

"ఎన్ని రోజులు?"

"నాలుగుకీ కలిపి ఆరు. వాన రాకపోతే."

ఆరు రోజులంటే క్రేన్ బుక్ చేసిన తేదీ జరగాలి. కంటైనర్లు తెచ్చే ట్రైలర్లు ఓడరేవు దగ్గర ఆగాలి. ఆగినందుకు అద్దె కట్టాలి. ఆ ఫోన్లన్నీ ఆమె చేయాలి, తిట్లన్నీ ఆమె తినాలి. మేస్త్రీకి ఇంకో లెక్క ఉంది. తడిమట్టి తీసేది యంత్రం. కడ్డీలు కట్టేవాళ్లు, సెంట్రింగ్ వాళ్లు ఆరు రోజులు ఊరికే కూర్చుంటారు. వాళ్లలో ఎక్కువమంది ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఇంటికి పొమ్మనలేడు, పస్తు పెట్టలేడు. కూతురి నర్సింగ్ కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు ఆ వారంలోనే కదిలింది. ఆ సంగతి ఆయన గుంతలో ఉండగా చెప్పలేదు.

ఆమె మేస్త్రీ మాటను అలాగే ఒప్పేసుకోలేదు. అది ఆమె తప్పూ కాదు. నాలుగు గుంతల్లోంచి రెండేసి లోతుల్లో మట్టి తీసి, తేమ ఎంతుందో చూడమని సైట్ ల్యాబ్‌కు పంపింది. మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. ఒకే గుంతలో రెండు మూలల మధ్య తేమ తేడా 14 శాతం. గడ్డపార చెప్పిందే కాగితం మీదికి వచ్చింది. ఆమె రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒకే మాట రాసింది. "ఆపాలి." కింద సంతకం, తేదీ, టైం. తర్వాత ఫోను తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లింది. పావుగంట తర్వాత తిరిగొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. టిప్పర్లను మాత్రం పక్కన కుప్ప పోయించి వెనక్కి పంపింది.

మొదటి గుంతలో ఒక అడుగు తీస్తే గట్టి తగిలింది. రెండోదాంట్లో అడుగున్నర. తీసిన చోటంతా గరుసు పెరిగింది, పొరలు పెరిగాయి. ఆరు రోజులు ఏడయ్యాయి.

ఆ వారంలోనే పక్క పొలం పెద్దాయన ఒకరు కంచె దగ్గర నిలబడి చూస్తూ ఒక ప్రశ్న అడిగాడు. "గుంతల సంగతి సరే అప్పా, నీళ్లు యాటికి పోతాయి?" ఆయన పొలంలోంచి వాన నీరు తరతరాలుగా పారే వాలు ఇప్పుడు సైట్ చదును చేసిన గట్టు దగ్గర ఆగుతోంది. అటు ఆయన శనగ చేను మునుగుతుంది, ఇటు పీఠాల పక్కన రేగడి తాగుతుంది. డ్రాయింగులో కాలువ ఉంది, కానీ దాన్ని పని చివర్లో తవ్వుదామనుకున్నారు. మేస్త్రీ ఆ సాయంత్రమే జెసిబి డ్రైవరుకు టీ తాగించి, కాలువను మట్టుకు తవ్వించేశాడు. రాతి కట్టడం తర్వాత. రేగడి మీద ఏది కట్టినా అసలు పునాది నీళ్లు పోయే దారేనని ఆయన నమ్మకం. పీఠం చుట్టూ వాలుగా కాంక్రీటు అంచు, దాని అవతల కాలువ, కాలువకు వాలు, వాలుకు చివర. నేల తడిసినా ఫర్వాలేదు, ఎండినా ఫర్వాలేదు. పీఠం కింద ఒక మూల తడిసి ఒక మూల ఎండకూడదు.

అదే రేగడి ఒక పనికి మాత్రం అక్కడివాళ్లకు బాగా కలిసొచ్చింది. తేమ పట్టి ఉంచే ఈ మట్టిలో కరెంటు తేలిగ్గా పారుతుంది. ఎర్త్ మ్యాట్ వేసే ఎలక్ట్రికల్ వాళ్లు మీటరు పెట్టి చూసి, ఇంత మంచి నేల దొరకదన్నారు. మేస్త్రీ నవ్వాడు. పత్తికి మంచిదే, శనగకు మంచిదే, ఎర్త్‌కు మంచిదే. ఒక్క మేస్త్రీలతోనే దానికి పగ.

వర్షాకాలం మధ్యలో కంటైనర్లు వచ్చాయి. క్రేన్ ఒక్కొక్కదాన్ని ఎత్తి పీఠం మీద దించుతుంటే కూలీలు ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. మేస్త్రీ పెట్టె వైపు చూడలేదు, పీఠం అంచున కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. ఒక పెట్టెకు ఇంకో పెట్టెకు మధ్య ఎడం ఎందుకని ఒక కుర్రాడు అడిగితే, ఒకటి అంటుకుంటే పక్కది అంటుకోకుండా అని మేడమ్ చెప్పింది. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ బ్యాటరీ కేంద్రంలో మంటలు లేచి, చుట్టుపక్కల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. అక్కడ బ్యాటరీలు ఒక పాత కట్టడం లోపల కలిసి ఉండేవి. ఆ మాట విన్నాక మేస్త్రీ పీఠాల మధ్య ఎడాన్ని టేపు పెట్టి ఇంకోసారి కొలిచాడు.

నవంబరులో లెవెల్ పెట్టి చూశారు. ప్రతి పీఠానికి నాలుగు మూలల్లో ఇత్తడి బొడిపెలు పాతి ఉంచారు. ఆ నాలుగు గుంతల మీది పీఠాల్లో మూలకు మూలకు తేడా 2 మిల్లీమీటర్లు దాటలేదు. వానకు ముందే, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు పూర్తయిన ఒక పీఠం మాత్రం ఒక మూల 6 మిల్లీమీటర్లు లేచింది. వెతికితే కారణం దొరికింది. క్యూరింగ్‌కు పెట్టిన నీళ్ల ట్యాంకు కుళాయి రెండు నెలలుగా ఆ మూలనే కారుతోంది. ఆ ట్యాంకు అక్కడ పెట్టించింది మేస్త్రీయే. ఆయనే మేడమ్‌కు చెప్పాడు, ఆయనే రిజిస్టరులో రాయమన్నాడు. 6 మిల్లీమీటర్లకు అంతలోనే ముప్పేమీ లేదు. కానీ వానను జయించానని అనుకున్నవాడిని ఒక కుళాయి ఓడించింది. రేగడికి మబ్బు నుంచి వచ్చిన నీళ్లు, కుళాయి నుంచి వచ్చిన నీళ్లు ఒకటే.

ఆగిన వారం కూలి డబ్బు సగం వచ్చింది. మిగతా సగం గురించి ఆయన అడగడం మానేశాడు. కూతురి ఫీజు అప్పు తెచ్చి కట్టాడు. మేడమ్‌ను ఎవరూ ఉద్యోగంలోంచి తీయలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. పూడ్చాక కనపడని పనికి రెండూ ఉండవు.

సైట్ పని తేలికపడ్డాక మేస్త్రీ సెలవు పెట్టి ఊరికి పోయాడు. ఈసారి గోడ జోలికి వెళ్లలేదు. ముందు చూరు నీళ్లు పునాది పక్కన పడకుండా గొట్టం బిగించాడు. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున, బయటికి వాలుగా బండలు పరిపించాడు. పంపు కింద నీళ్లు నిలిచే గుంతను కాలువలోకి కలిపాడు. గోడకు ఆరడుగుల్లో ఉన్న వేపచెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎండాకాలం పునాది కిందినుంచి నీళ్లు తాగేది అదే. అమ్మ నాటిన చెట్టు. కొట్టించలేదు, కొమ్మలు మాత్రం నరికించాడు. ఇరవై ఏళ్ల కిందట ఇసుక పోసిన చేతులతో అంతకుమించి చేయగలిగింది లేదు.

చివరికి క్యాలెండర్ తీసి, పగులు మీద అడ్డంగా మూడుచోట్ల పెన్సిల్ గీతలు గీశాడు. ఒక్కో గీత పక్కన వెడల్పు, తేదీ రాశాడు. తమ్ముడు పక్కన నిలబడి చూశాడు. సంక్రాంతికి సున్నాలు వేయిస్తున్నా, ఈ పగులు కూడా సిమెంటుతో పూడ్చేస్తే పోలా అన్నాడు.

"పూడ్చొద్దు" అన్నాడు మేస్త్రీ, క్యాలెండర్ తిరిగి మేకుకు తగిలిస్తూ. "ఇంకో ఎండాకాలం పోనీ. ఏమంటాదో చూద్దాం."